జీబ్రా చేప

జీబ్రా చేప (శాస్త్రీయ నామం: డానియో రెరియో) దక్షిణ ఆసియాకు చెందిన ఒక చిన్న ఉష్ణమండల మంచినీటి చేప. పూర్తిగా ఎదిగిన చేప సాధారణంగా మూడు నుండి నాలుగు సెంటీమీటర్ల పొడవు మాత్రమే ఉంటుంది. శరీరంపై తల నుండి తోక వరకు సాగే నీలి చారల వలన దీనికి ఈ పేరు వచ్చింది. ప్రపంచమంతటా అక్వేరియంలలో ఎక్కువగా పెంచే చేపలలో ఇది ఒకటి. జన్యుశాస్త్రం, పిండాభివృద్ధి, ఔషధ పరిశోధనలలో కూడా దీనిని విరివిగా ఉపయోగిస్తున్నారు. హైదరాబాదు నగరంలోని పరిశోధనశాలలలోనూ, నగరానికి పడమరగా ఉన్న మొయినాబాదు, చేవెళ్ళ వంటి ఊళ్ళలోని ఇళ్ళలోనూ దీనిని సులభంగా పెంచవచ్చును. అయితే ఈ ఊళ్ళు ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాల పరీవాహక ప్రాంతంలో ఉన్నందున, ఇక్కడ అక్వేరియం చేపలను పెంచేవారిపై ఒక అదనపు బాధ్యత ఉన్నది. దీనిని ఈ వ్యాసంలో ప్రత్యేకంగా వివరించడం జరిగింది.

పేరు, వర్గీకరణ

ఈ చేపను మొదటిసారిగా శాస్త్రీయంగా వర్ణించినది స్కాట్లండుకు చెందిన వైద్యుడు, ప్రకృతి శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ హామిల్టన్. ఈస్ట్ ఇండియా కంపెనీ కొలువులో పనిచేసిన ఈయన గంగానది, దాని ఉపనదుల చేపలపై 1822లో ప్రచురించిన గ్రంథంలో దీనిని సిప్రినస్ రెరియో అని పేర్కొన్నాడు. ఆయన పరిశీలించిన చేపలు కోసీ నదికి చెందినవి. తరువాత చాలాకాలం దీనిని బ్రాకీడానియో రెరియో అని వ్యవహరించారు. పాత పాఠ్యపుస్తకాలలోనూ, అక్వేరియం పుస్తకాలలోనూ ఇప్పటికీ ఆ పేరు కనిపిస్తుంది. 1990వ దశకం నుండి డానియో రెరియో అనే పేరు స్థిరపడింది.

డానియో అనే ప్రజాతి నామం బెంగాలీలోని ధానీ అనే మాట నుండి వచ్చింది. వరిచేనుకు చెందినది అని దాని అర్థం. తెలుగులోని ధాన్యం అనే మాటకు ఇది దగ్గరి చుట్టం. ఈ పేరు చేప నివాసాన్ని కూడా చక్కగా తెలుపుతున్నది.

ఈ చేపను పూర్వం బొచ్చె, రోహు, మ్రిగాల చేపలతోపాటు సిప్రినిడే కుటుంబంలో చేర్చేవారు. ఇటీవలి వర్గీకరణలో దీనిని, దీని దగ్గరి బంధువులను డానియోనిడే అనే ప్రత్యేక కుటుంబంగా పరిగణిస్తున్నారు.

శరీర లక్షణాలు

శరీరం సన్నగా, రెండు పక్కల నుండి కొద్దిగా నొక్కినట్లుగా ఉంటుంది. నోరు పైకి తిరిగి ఉంటుంది. నీటి ఉపరితలంపై తేలే ఆహారాన్ని అందుకొనడానికి ఇది అనువైన నిర్మాణం. నోటి వద్ద రెండు జతల చిన్న మీసాలు ఉంటాయి. శరీరంపై సాధారణంగా ఐదు ముదురు నీలి చారలు, వాటి మధ్య వెండి లేదా బంగారు ఛాయ గల పట్టీలు ఉంటాయి. చారలు తోక రెక్క, గుద రెక్కల మీదికి కూడా వ్యాపిస్తాయి.

ఈ చారలు మూడు రకాల వర్ణకణాల అమరిక వలన ఏర్పడతాయి. నల్లని రంగునిచ్చే కణాలు, పసుపు రంగునిచ్చే కణాలు, వెలుతురును ప్రతిఫలింపజేసే కణాలు ఒకదానినొకటి ప్రభావితం చేసుకుంటూ వరుసలుగా సర్దుకుంటాయి. జీవుల శరీరంపై చారలు, మచ్చలు ఎలా ఏర్పడతాయో వివరిస్తూ గణిత శాస్త్రవేత్త ఆలన్ ట్యూరింగ్ 1952లో ఒక సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. ఆ సిద్ధాంతాన్ని పరీక్షించడానికి శాస్త్రవేత్తలు ఎంచుకున్న జీవులలో జీబ్రా చేప ముఖ్యమైనది.

మగ చేప సన్నగా ఉండి, చారల మధ్య బంగారు ఛాయ కలిగి ఉంటుంది. ఆడ చేప పొట్ట భాగం గుండ్రంగా ఉండి, వెండి ఛాయ ఎక్కువగా ఉంటుంది. గుడ్లతో నిండి ఉన్నప్పుడు ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

జీబ్రా చేపకు దవడలలో పళ్ళు లేవు. గొంతు భాగంలో ఉండే పళ్ళతో ఆహారాన్ని నలుపుతుంది. దీనికి జీర్ణాశయం కూడా లేదు. మింగిన ఆహారం నేరుగా పేగులోనికి వెళుతుంది. అందువలన ఇది ఒకేసారి ఎక్కువ తిని నిలువ చేసుకోలేదు. రోజంతా కొద్దికొద్దిగా తినడం దీని స్వభావం. అక్వేరియంలో మేత వేసే పద్ధతి కూడా దీనికి తగినట్లే ఉండాలి.

సహజ ఆవాసం

జీబ్రా చేప భారతదేశం, నేపాల్, బంగ్లాదేశ్ దేశాలలో సహజంగా నివసిస్తుంది. గంగా, బ్రహ్మపుత్ర మైదానాలలో దీని సంఖ్య ఎక్కువ. లోతు తక్కువగా, ప్రవాహం నెమ్మదిగా ఉండే నీరు దీనికి ఇష్టం. వరిపొలాలు, పంటకాలువలు, చిన్న వాగులు, చెరువుల అంచులు దీని నివాసాలు. వర్షాకాలంలో నీరు పొలాలపైకి పరుచుకున్నప్పుడు అక్కడికి చేరి గుడ్లు పెడుతుంది. చెరువులోని పెద్ద చేపలు అంత లోతు తక్కువ నీటిలోనికి రాలేవు కనుక పిల్లలకు రక్షణ, ఆహారం రెండూ లభిస్తాయి.

ప్రకృతిలో ఇది నీటి ఈగలు, సూక్ష్మ జంతుప్లవకాలు, దోమ లార్వాలు, నీటిపై పడిన చిన్న కీటకాలను తింటుంది. కొర్రమట్ట వంటి మాంసాహార చేపలు, కొంగలు, లకుముకి పిట్టలు దీనిని వేటాడుతాయి. రక్షణ కొరకు ఇది గుంపులుగా తిరుగుతుంది. గుంపులోని ఒక చేప చర్మం గాయపడితే, ఆ చర్మం నుండి నీటిలోనికి ఒక రసాయనం విడుదలవుతుంది. దానిని పసిగట్టిన మిగిలిన చేపలు వెంటనే దగ్గరగా చేరి అడుగుకు దిగుతాయి లేదా కదలకుండా ఉండిపోతాయి. చేపలలో ఇటువంటి హెచ్చరిక పదార్థం ఉన్నదని 1938లో కార్ల్ ఫాన్ ఫ్రిష్ వేరొక చిన్న చేపలో కనుగొన్నాడు.

అడవి జీబ్రా చేపలు నివసించే నీటి ఉష్ణోగ్రత చలికాలంలో 16 డిగ్రీల సెల్సియస్ దగ్గరి నుండి వేసవిలో 38 డిగ్రీల వరకు మారుతూ ఉంటుంది. ఇంత తేడాను తట్టుకోగలగడమే ఈ చేప అక్వేరియంలో సులభంగా బ్రతకడానికి ముఖ్య కారణం. అయితే ప్రకృతిలో ఈ మార్పు నెలల తరబడి నెమ్మదిగా జరుగుతుంది. అదే మార్పు గాజు తొట్టిలో కొన్ని గంటలలో జరిగితే చేప తట్టుకోలేదు.

దీనిని పోలిన ఇతర చేపలు

చెరువులలోను, వాగులలోను కనిపించే చారల చిన్న చేపలన్నీ జీబ్రా చేపలు కావు. తెలంగాణ నీటి వనరులలో దీనిని పోలిన మరికొన్ని చేపలున్నాయి.

* రాస్బోరా డానికోనియస్: శరీరం మధ్యగా ఒకే ఒక నల్లని చార ఉంటుంది. జీబ్రా చేప కంటే పెద్దగా పెరుగుతుంది.
* ఈసోమస్ డాన్రికస్: దీని మీసాలు చాలా పొడవు. వెనుకకు మడిస్తే ముందు రెక్కలను దాటి పోతాయి.
* డెవారియో ప్రజాతి చేపలు: శరీరం వెడల్పుగా ఉంటుంది. నీలి, పసుపు గీతలు ముందు భాగంలో విరిగి మచ్చలుగా కనిపిస్తాయి.

గుద రెక్కపై కూడా చారలు స్పష్టంగా ఉండడం జీబ్రా చేపను గుర్తించడానికి మంచి ఆనవాలు.

చేవెళ్ళ, మొయినాబాదు ప్రాంతపు నీరు

అక్వేరియం పెంపకంలో చేప కంటే ముందు తెలుసుకోవలసినది నీటిని గురించి. చేవెళ్ళ, మొయినాబాదు మండలాలు రంగారెడ్డి జిల్లాలో, హైదరాబాదు నుండి వికారాబాదుకు పోయే దారిలో ఉన్నాయి. ఈ ప్రాంతం అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ, ఈసీ నదుల పరీవాహకంలో, అంటే విశాలమైన కృష్ణా నదీ వ్యవస్థలో భాగం. 1908 సెప్టెంబరులో వచ్చిన మూసీ వరదల తరువాత హైదరాబాదును వరదల నుండి కాపాడటానికి, త్రాగునీరు అందించడానికి మూసీపై ఉస్మాన్ సాగర్ 1920లోను, ఈసీపై హిమాయత్ సాగర్ 1927లోను పూర్తయ్యాయి. మొయినాబాదు మండలం ఈ రెండు జలాశయాల మధ్య ఉన్నది.

ఇక్కడి భూమి అడుగున గ్రానైటు శిలలు, పడమటి వైపున కొన్నిచోట్ల బసాల్టు శిలలు ఉన్నాయి. రాతి పగుళ్ళలో నిలిచిన నీరే బోరుబావులకు ఆధారం. ఆ నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉండడం వలన అది సాధారణంగా కఠిన జలం. పాత్రల అంచున తెల్లని పొర కట్టడానికి కారణం ఇదే. జీబ్రా చేప ఒక మోస్తరు కఠినత్వాన్ని చక్కగా తట్టుకుంటుంది. ఎర్ర నియాన్ టెట్రా వంటి మెత్తని నీటి చేపల కంటే ఈ ప్రాంతానికి ఇది తగిన చేప అని చెప్పవచ్చును.

బోరునీటిని వాడేటప్పుడు గమనించవలసిన విషయాలు:

* భూగర్భం నుండి అప్పుడే తోడిన నీటిలో ప్రాణవాయువు తక్కువగా, బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా ఉండవచ్చును. దానిని ఒక రోజు తొట్టిలో నిలువ ఉంచి, గాలి పంపుతో గాలి పట్టించిన తరువాత వాడాలి. బొగ్గుపులుసు వాయువు బయటకు పోయిన తరువాత నీటి పి.హెచ్. పెరుగుతుంది. కాబట్టి పి.హెచ్. పరీక్ష అప్పుడు చేయాలి.
* వేసవిలో తొట్టి నీరు ఆవిరైనప్పుడు లవణాలు ఆవిరి కావు, తొట్టిలోనే మిగిలిపోతాయి. తగ్గిన మేరకు మళ్ళీ బోరునీరే పోస్తూ ఉంటే కఠినత్వం వారం వారం పెరుగుతుంది. కొంత పాత నీటిని తీసివేసి కొత్త నీటిని పోయడమే సరైన పద్ధతి.
* ఇళ్ళలోని ఆర్.ఓ. యంత్రం నుండి వచ్చే నీటిలో లవణాలు దాదాపుగా ఉండవు. దానిని మాత్రమే వాడరాదు. మరీ కఠినమైన బోరునీటిని పలుచన చేయడానికి కలుపుకోవచ్చును.
* కుళాయి నీటిలో క్రిములను చంపడానికి కలిపే క్లోరిన్ చేపల మొప్పలను దెబ్బతీస్తుంది. నీటిని వెడల్పాటి పాత్రలో గాలి పట్టిస్తూ ఒకటి రెండు రోజులు ఉంచితే క్లోరిన్ పోతుంది. త్వరగా కావాలంటే దుకాణాలలో దొరికే సోడియం థయోసల్ఫేటు ద్రావణాన్ని సీసాపై సూచించిన మోతాదులో వాడాలి.

అక్వేరియంలో పెంపకం

తొట్టి

చేప చిన్నది కదా అని గాజు గిన్నెలో పెంచడం తగదు. జీబ్రా చేప ఎప్పుడూ వేగంగా ఈదుతూనే ఉంటుంది. దానికి ఎత్తు కంటే పొడవు ముఖ్యం. 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు, 35 సెంటీమీటర్ల ఎత్తు గల తొట్టిలో సుమారు 60 లీటర్ల నీరు పడుతుంది. ఎనిమిది నుండి పది చేపలకు ఇది సరిపోతుంది. నీటి బరువే 60 కిలోల వరకు ఉంటుంది కనుక తొట్టిని గట్టి బల్లపై, నేరుగా ఎండ పడని చోట ఉంచాలి. జీబ్రా చేపలు నీటి నుండి పైకి ఎగురుతాయి. మూత తప్పనిసరి.

ఇది గుంపు చేప. ఒకటి రెండు చేపలనే ఉంచితే బలమైనది బలహీనమైన దానిని తరుముతూ ఉంటుంది. కనీసం ఆరు చేపలు ఉండాలి. అడుగున సన్నని గులకరాళ్ళు, వెనుక, పక్కల నీటి మొక్కలు, ముందు భాగంలో ఈదడానికి ఖాళీ స్థలం ఉండేటట్లు అమర్చాలి.

నత్రజని చక్రం

కొత్తగా తొట్టి కొన్నవారి చేపలు మొదటి నెలలోనే చనిపోవడం సర్వసాధారణంగా జరిగే విషయం. చాలామంది దీనిని చేప జబ్బుగా భావిస్తారు. ఎక్కువ సందర్భాలలో కారణం అమ్మోనియా.

చేప మొప్పల నుండి, దాని విసర్జకాల నుండి, కుళ్ళిన మేత నుండి అమ్మోనియా నీటిలోనికి చేరుతుంది. ఇది విషం. ఫిల్టరులోను, గులకరాళ్ళపైన పెరిగే ఒక రకం బాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. ఇది కూడా విషమే. మరొక రకం బాక్టీరియా నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ అంత ప్రమాదకరం కాదు. దానిని కొంత మొక్కలు పీల్చుకుంటాయి, మిగిలినది నీరు మార్చినప్పుడు పోతుంది. ఈ బాక్టీరియా తగినంతగా పెరగడానికి మూడు నుండి ఆరు వారాలు పడుతుంది. కాబట్టి తొట్టిని, ఫిల్టరును ముందుగా నడిపించి, చిటికెడు మేత వేస్తూ, అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చాయని పరీక్ష కిట్టుతో తెలుసుకున్న తరువాతనే చేపలను విడవాలి. చేపలను కూడా ఒకేసారి కాక, కొన్ని కొన్నిగా చేర్చాలి.

అమ్మోనియా విష ప్రభావం పి.హెచ్., ఉష్ణోగ్రతలు పెరిగిన కొద్దీ పెరుగుతుంది. క్షార గుణం గల బోరునీరు, మే నెల ఎండలు రెండూ కలిసినప్పుడు కొద్దిపాటి అమ్మోనియా కూడా ప్రాణాంతకం అవుతుంది. ఈ ప్రాంతంలో వేసవిలో కొత్త తొట్టిని ప్రారంభించకపోవడం మంచిది.

ఫిల్టరులోని స్పంజిని కుళాయి నీటి కింద కడిగితే క్లోరిన్ వలన మేలు చేసే బాక్టీరియా చనిపోతుంది. తొట్టి నుండి తీసిన నీటిలోనే దానిని పిండి కడగాలి. వారానికి ఒకసారి నాలుగవ వంతు, అంటే 60 లీటర్ల తొట్టికి ఒక బకెట్టు నీటిని మార్చాలి. నీటినంతటినీ ఒకేసారి తీసి తొట్టిని తోమి కడగడం చేపలకు మేలు కంటే కీడు ఎక్కువ చేస్తుంది.

ఉష్ణోగ్రత

అక్వేరియంలో 22 నుండి 28 డిగ్రీల ఉష్ణోగ్రత ఈ చేపకు అనుకూలం. చేవెళ్ళ పరిసరాలలో డిసెంబరు, జనవరి నెలల రాత్రులు చల్లగా ఉంటాయి. ఇంటి లోపలి తొట్టికి చాలావరకు హీటరు అవసరం రాదు కాని, వరండాలో ఉంచిన తొట్టికి అవసరం కావచ్చును.

వేసవి మరింత కష్టమైన కాలం. నీరు వేడెక్కిన కొద్దీ దానిలో కరిగి ఉండే ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగగలదు. 30 డిగ్రీల వద్ద అది సుమారు 7.5 మిల్లీగ్రాములకు పడిపోతుంది. అదే సమయంలో చేపకు ప్రాణవాయువు అవసరం పెరుగుతుంది. చేపలు నీటి పైభాగాన చేరి నోరు తెరుస్తూ ఉంటే ఇదే కారణమని గుర్తించాలి. నీటి ఉపరితలంపై గాలి తగిలేటట్లు చిన్న ఫ్యాను పెడితే ఆవిరి కావడం వలన నీరు రెండు మూడు డిగ్రీలు చల్లబడుతుంది. మంచుగడ్డలు నేరుగా వేయరాదు. కరెంటు పోయే వేళల కొరకు బ్యాటరీతో నడిచే గాలి పంపు ఉంచుకోవాలి.

మేత

రోజుకు రెండు లేక మూడు సార్లు, రెండు నిమిషాలలో తినగలిగినంత మాత్రమే వేయాలి. పొడి మేతను వేళ్ళతో నలిపి వేయడం మంచిది. వారానికి రెండు మూడు సార్లు నీటి ఈగలు, ఆర్టీమియా పిల్లలు, దోమ లార్వాలు వంటి సజీవ ఆహారం ఇస్తే రంగు, గుడ్లు పెట్టే శక్తి పెరుగుతాయి.

చేవెళ్ళ, మొయినాబాదు ప్రాంతం కూరగాయలకు, పూల తోటలకు ప్రసిద్ధి. పురుగుమందులు వాడిన తోటల పక్క కాలువల నుండి సజీవ ఆహారాన్ని పట్టి తేవడం ప్రమాదకరం. పైరెత్రాయిడ్ జాతి మందులు మనుషులకు హాని చేయనంత స్వల్ప మోతాదులో కూడా చేపలను చంపుతాయి. ఇంటిలో వాడే దోమల మందులలో చాలావరకు ఈ జాతివే. వాటిని చల్లేటప్పుడు తొట్టిని మూసి, గాలి పంపును కొంతసేపు ఆపాలి. సజీవ ఆహారాన్ని ఇంటి వద్దనే శుభ్రమైన నీటిలో పెంచుకోవడం ఉత్తమం.

తోటి చేపలు

గప్పీ, ప్లాటీ, చెర్రీ బార్బ్ వంటి శాంతమైన చిన్న చేపలతో జీబ్రా చేప కలిసి ఉంటుంది. పొడవైన రెక్కలు గల ఫైటర్ చేపతో కలపరాదు. జీబ్రా చేపల నిరంతర సంచారం దానిని బెదరగొడుతుంది. గోల్డ్ ఫిష్ పెద్దదై జీబ్రా చేపను మింగగలదు.

వ్యాధులు

కొత్తగా తెచ్చిన చేపలను రెండు వారాలు వేరే తొట్టిలో ఉంచి గమనించాలి. దుకాణం నుండి తెచ్చిన సంచిని 15 నుండి 20 నిమిషాలు తొట్టి నీటిపై తేలనిచ్చి, కొద్దికొద్దిగా తొట్టి నీటిని సంచిలో కలిపి, తరువాత చేపలను మాత్రమే వలతో తీసి విడవాలి. సంచిలోని నీటిని తొట్టిలో పోయరాదు.

ఒంటిపై ఉప్పురవ్వల వంటి తెల్లని చుక్కలు కనిపిస్తే అది తెల్లమచ్చల వ్యాధి. ఒక ఏకకణ పరాన్నజీవి దీనికి కారణం. చేప చిక్కిపోవడం, వెన్ను వంగడం, మానని పుండ్లు మైకోబాక్టీరియా వలన కలగవచ్చును. ఈ బాక్టీరియాలో కొన్ని జాతులు మనిషి చర్మంపై గాయాల ద్వారా ప్రవేశించి పుండ్లు కలిగిస్తాయి. కాబట్టి చేతికి గాయం ఉన్నప్పుడు తొట్టిలో చేయి పెట్టరాదు. నీటిని తీయడానికి గొట్టాన్ని నోటితో పీల్చరాదు. పని అయిన తరువాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

ప్రత్యుత్పత్తి

జీబ్రా చేప గుడ్లు పెట్టే చేప. ఉదయం వెలుతురు వచ్చిన వెంటనే గుడ్లు పెడుతుంది. ఒక ఆడ చేప ఒకసారి 200కు పైగా గుడ్లు పెట్టగలదు. గుడ్లు పారదర్శకంగా, ఒక మిల్లీమీటరు కంటే తక్కువ వ్యాసంతో ఉంటాయి. ఇవి దేనికీ అంటుకోకుండా అడుగుకు జారిపోతాయి. తల్లిదండ్రులు తమ గుడ్లనే తినేస్తాయి. అందుచేత అడుగున గోళీలు పరచడం లేదా గుడ్లు జారిపోయే జాలీ అమర్చడం చేస్తారు. సాయంత్రం ఒక ఆడ, రెండు మగ చేపలను చిన్న తొట్టిలో విడిచి, మరునాటి ఉదయం గుడ్లు పెట్టిన తరువాత పెద్ద చేపలను తీసివేయాలి.

28 డిగ్రీల వద్ద పిండం పెరుగుదల ఎంతో వేగంగా జరుగుతుంది. దాదాపు 24 గంటలకే గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. రెండు మూడు రోజులలో పిల్లలు బయటకు వస్తాయి. ఐదవ రోజుకు ఈదుతూ ఆహారం వెదుకుతాయి. అప్పుడు పారమీసియం వంటి సూక్ష్మజీవులను, తరువాత ఆర్టీమియా పిల్లలను మేతగా ఇవ్వాలి. సుమారు మూడు నెలలకు చేపలు ప్రౌఢ దశకు చేరుకుంటాయి. అక్వేరియంలో సాధారణంగా రెండు మూడు సంవత్సరాలు, మంచి సంరక్షణలో ఐదు సంవత్సరాల వరకు కూడా జీవిస్తాయి. ప్రకృతిలో ఎక్కువ చేపలు ఏడాదికి మించి బ్రతకవు.

పారదర్శకమైన గుడ్డులో గుండె, రక్తప్రసరణ ఏర్పడడాన్ని పాఠశాలలోని మామూలు సూక్ష్మదర్శినితో చూడవచ్చును. జీవశాస్త్ర విద్యార్థులకు ఇంతకంటే సులభమైన పిండాభివృద్ధి పాఠం అరుదు.

పరిశోధనలో జీబ్రా చేప

అమెరికాలోని ఒరెగాన్ విశ్వవిద్యాలయానికి చెందిన జార్జ్ స్ట్రైసింగర్ ఈ చేపను జన్యు పరిశోధనలోనికి తెచ్చాడు. ఒకే జన్యు నిర్మాణం గల జీబ్రా చేపలను రూపొందించిన విధానాన్ని ఆయన బృందం 1981లో ప్రకటించింది. 1996లో జర్మనీలోని ట్యూబింగెన్, అమెరికాలోని బోస్టన్ నగరాల శాస్త్రవేత్తలు వందలాది ఉత్పరివర్తనాల వివరాలను ప్రచురించారు. 2002లో ఈ చేప కోసివేసిన గుండె భాగాన్ని సుమారు రెండు నెలలలో తిరిగి పెంచుకోగలదని తేలింది. 2005లో ఈ చేప రంగును నియంత్రించే ఒక జన్యువును కనుగొన్నారు. మనిషి చర్మపు రంగులోని తేడాలకు కూడా అదే జన్యువు కొంతవరకు కారణమని తెలిసింది.

2013లో జీబ్రా చేప పూర్తి జన్యుక్రమం ప్రచురితమైంది. దీని కణాలలో 25 జతల క్రోమోజోములు, సుమారు 26,000 ప్రోటీను జన్యువులు ఉన్నాయి. మానవ జన్యువులలో దాదాపు 70 శాతానికి ఈ చేపలో సాటి జన్యువులున్నాయి. భారతదేశంలో ఢిల్లీలోని ఐ.జి.ఐ.బి. సంస్థ 2009లో అడవి రకపు జీబ్రా చేప జన్యుక్రమాన్ని నిర్ణయించినట్లు ప్రకటించింది.

హైదరాబాదులో సి.సి.ఎం.బి., హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని డాక్టర్ రెడ్డీస్ జీవ విజ్ఞాన సంస్థ వంటి చోట్ల ఈ చేపపై పరిశోధనలు జరుగుతున్నాయి. ఔషధ పరిశ్రమకు కేంద్రమైన ఈ నగరంలో, కొత్త రసాయనాలు విషపూరితమా కాదా అని ప్రాథమికంగా తెలుసుకోవడానికి జీబ్రా చేప పిండాలు ఉపయోగపడతాయి. చేప పిండాలపై 96 గంటల పాటు జరిపే ఇటువంటి పరీక్షకు 2013లో అంతర్జాతీయ మార్గదర్శకం ఏర్పడింది.

2024 ఏప్రిల్‌లో చైనా షెన్‌జౌ-18 నౌకలో నాలుగు జీబ్రా చేపలను, కొంత నీటి మొక్కను తన అంతరిక్ష కేంద్రానికి పంపింది. మూసిన తొట్టిలో చేప, మొక్క ఒకదానికొకటి ఆధారంగా ఎంతకాలం నిలువగలవో తెలుసుకోవడం ఈ ప్రయోగం ఉద్దేశం.

చెరువులలో విడవడం వలన నష్టం

తొట్టిలో చేపలు ఎక్కువైనప్పుడు గాని, పెంపకంపై ఆసక్తి తగ్గినప్పుడు గాని వాటిని దగ్గరి చెరువులో విడిచిపెట్టడం కొందరి అలవాటు. ప్రాణం తీయడం ఇష్టంలేక చేసే పని అయినప్పటికీ ఇది హానికరం.

జీబ్రా చేప భారతదేశపు చేపే అయినా, దుకాణాలలో దొరికేది తరతరాలుగా తొట్టెలలో పెరిగిన రకం. పొడవు రెక్కల రకం, చిరుత మచ్చల రకం మనిషి ఎంపిక చేసి పెంచినవి. వీటి ద్వారా తొట్టెలలోని పరాన్నజీవులు, బాక్టీరియా చెరువులోని చేపలకు సోకగలవు. జన్యుమార్పిడి చేసిన మెరిసే జీబ్రా చేపలు 2003 నుండి అమెరికాలో అమ్మకంలో ఉన్నాయి. భారతదేశంలో జన్యుమార్పిడి జీవుల దిగుమతి, అమ్మకాలకు 1989 నాటి నియమాల ప్రకారం ముందస్తు అనుమతి తప్పనిసరి. తొట్టి అద్దాలను శుభ్రం చేస్తుందని కొనే సక్కరు చేప దక్షిణ అమెరికాది. ఇది ఇప్పటికే తెలుగు రాష్ట్రాల నదులలోను, చెరువులలోను వ్యాపించి, మత్స్యకారుల వలలను చింపుతూ నష్టం కలిగిస్తున్నది. తొట్టి నుండి పారవేసిన నీటి మొక్కల ముక్కలు కూడా చెరువులలో అల్లుకుపోగలవు.

చేవెళ్ళ, మొయినాబాదు చెరువులు నిండి పొర్లిన నీరు వాగుల ద్వారా మూసీ, ఈసీలలో కలిసి జంట జలాశయాలకు చేరుతుంది. అందువలన ఒక ఊరి చెరువులో విడిచినది ఆ ఊరితో ఆగదు. ఈ జలాశయాల రక్షణ కొరకే 1996 మార్చి 8న ప్రభుత్వం జి.ఓ. 111 జారీ చేసి, పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాలలో నిర్మాణాలపై ఆంక్షలు విధించింది. మొయినాబాదు, చేవెళ్ళ మండలాల గ్రామాలు కూడా ఈ జాబితాలో ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో వెలువడిన జి.ఓ. 69 ఆ ఆంక్షలను సడలించింది. నిర్మాణాలపై నియమాలు ఎలా మారినప్పటికీ, నీరు పారే దారి మారదు. 2016 నుండి ప్రభుత్వం తెలంగాణ చెరువులలో బొచ్చె, రోహు, మ్రిగాల పిల్లలను విడిచే పథకాన్ని చేపట్టింది. ఆ చెరువులపై మత్స్యకారుల జీవనం కూడా ఆధారపడి ఉన్నది.

అక్కరలేని చేపలను ఇతర పెంపకందారులకు గాని, పాఠశాలలకు గాని, దుకాణానికి గాని ఇవ్వాలి. తొట్టి నుండి తీసిన నీటిని చెరువులోనో కాలువలోనో కాక, ఇంటి మొక్కలకు పోయాలి. దానిలోని నైట్రేట్ మొక్కలకు ఎరువుగా ఉపయోగపడుతుంది. చనిపోయిన చేపలను, తీసివేసిన నీటి మొక్కలను మట్టిలో పాతిపెట్టాలి. గుడ్లు అవసరం లేనప్పుడు వాటిని తొట్టిలోనే వదిలితే పెద్ద చేపలే తినేస్తాయి కనుక చేపల సంఖ్య దానంతట అదే అదుపులో ఉంటుంది.

ఇవి కూడా చూడండి

* అక్వేరియం
* గప్పీ
* నత్రజని చక్రం
* ఉస్మాన్ సాగర్
* హిమాయత్ సాగర్
* మూసీ నది